మీ నాన్నగారేం చేస్తుంటారు

ఇంకా నలుగురున్నారు, ఆ తరవాత తనే. గణేష్‌బాబు, పావని, జ్ఞానప్రకాశం, మణిశంకర్. చివరి బెంచీలో చివరి మూల కూర్చుంటే అందరికన్నా ఆఖరున అడుగుతారు, అప్పటికి టైమైపోతే అసలు అడగరు అని, చేరిన రోజే ఆలోచించుకుని శృతి ఆ మూల పట్టింది. ఇన్నాళ్ళూ ఆ తెలివి బాగానే పనిచేసింది. ఈ ఆదివారం మాత్రం జగన్నాథరావుగారు మాంచి హుషారుగా వచ్చి, చేతి వాచీ తీసి బల్లమీద బోర్లా పెట్టారు. అంటే ఇవాళ పాఠం ఎంతసేపైనా సాగుతుందని అర్థం. బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వాక్యం రాసి, దాన్నే కింద తెలుగు లిపిలో "వాస్ ఇస్ట్ ఈర్ ఫాటర్ ఫోన్ బెరూఫ్?" అని రాసి, అర్థం కూడా రాశారు. మీ నాన్నగారేం పని చేస్తారు? ఇంతే ప్రశ్న. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరివాళ్ళు అడుగుతారు, రైల్లో ఎదురు సీటువాళ్ళు అడుగుతారు, కొత్తగా దిగిన అద్దెవాళ్ళు సామాను సర్దుకోకముందే అడుగుతారు. తెలుగులో అడిగితే తప్పించుకోవడానికి నూరు దారులున్నాయి. "ఏదో అలా కాలక్షేపం అవుతోందండి" అంటే చాలు, అడిగినవాళ్ళు కూడా "అంతేలెండి" అనేసి కరెంటు కోతల్లోకి వెళ్ళిపోతారు. జర్మన్లో ఆ సౌకర్యం లేదు. కాలక్షేపాన్ని జర్మన్లో ఏమంటారో తనకింకా రాదు.

గణేష్‌బాబు లేచి నిలబడ్డాడు. వాళ్ళది కడియం, మొక్కల నర్సరీ, తండ్రి పెద్దిరాజుగారు పూల మొక్కలు లారీలకెత్తి దేశమంతా పంపుతారు. "మైన్ ఫాటర్ ఇస్ట్ గేర్ట్‌నర్" అన్నాడు, మా నాన్నగారు తోటమాలి అని. ఆ వెంటనే గదిలో ఉన్న పదిమందీ ఒక్క గొంతుతో "మైన్ ఫాటర్ ఇస్ట్ గేర్ట్‌నర్" అన్నారు. జగన్నాథరావుగారి పద్ధతి అది. ఒకరు చెప్పిన వాక్యాన్ని గది మొత్తం తిరిగి అప్పజెప్పాలి. ఒంటినోటికి సిగ్గుంటుంది గానీ పది నోళ్ళకి ఉండదయ్యా అంటారాయన. ఉద్యోగం చేసే రోజుల్లో జర్మనీలో ఉక్కు ఫ్యాక్టరీలో నాలుగేళ్ళుండి నేర్చుకొచ్చారు, రిటైరయ్యాక ఇన్నీస్‌పేటలో సైకిలు షాపు పైన ఈ మేడగది తీసుకుని ఆదివారాలు చెబుతున్నారు. ఆ పద్ధతి వల్ల పొద్దుటి నుంచీ అందరి తండ్రులూ మారిపోతూ వచ్చారు. మొదట అందరి నాన్నలూ స్కూలు మాస్టర్లయ్యారు, తరవాత బ్యాంకులో చేరారు, తరవాత బంగారం కొట్టు పెట్టారు, ఇప్పుడు కడియంలో మొక్కలు పెంచుతున్నారు. శృతి కూడా అన్నిటికీ గొంతు కలిపింది. అనడం ఎంత తేలిక, అనుకుంది. మైన్ ఫాటర్ అని మొదలుపెట్టి ఎవరి నాన్ననో చెప్పేయడం. ఇంట్లో మగవాళ్ళు పెద్దవాళ్ళకి దణ్ణం పెట్టేటప్పుడు చెవులు పట్టుకుని ప్రవర చెప్పుకుంటారు, అందులో ఋషులుంటారు, గోత్రం, సూత్రం, శాఖ, ఆఖర్న పేరు, అన్నీ ఉంటాయి. చేసే పని ఒక్కటీ ఉండదు. మన ఋషులు ఎంత పెద్దమనసువాళ్ళో! ఈ జర్మనీవాళ్ళు పేరు తరవాత ముందుగా ఆ ఒక్కటే అడుగుతారు.

పావనిది ధవళేశ్వరం. వాళ్ళ నాన్న ఆనకట్ట తలుపులెత్తే చోట పనిచేస్తాడు. దానికి మాట తెలియక నిలబడిపోయింది. జగన్నాథరావుగారు, మాట లేకపోతే పోనీవమ్మా, పొద్దున్నే వెళ్ళి ఏం చేస్తారో ఒక్కొక్కటిగా చెప్పేయ్ అన్నారు. పావని ఆలోచించి, మా నాన్న తలుపు తెరుస్తాడు, నీళ్ళు వెళతాయి, మా నాన్న తలుపు మూస్తాడు, నీళ్ళు ఆగుతాయి, అంది. గది మొత్తం తెరిచింది, మూసింది. శృతికి ఎందుకో అది చాలా గొప్ప ఉద్యోగమనిపించింది. తెలుగులో అయితే పావని "ఇరిగేషన్లో అండి" అని ఒక్కమాటలో తేల్చేసేది, ఆఫీసరా బంట్రోతా అని ఎదుటివాళ్ళు ఆరా తీసేవాళ్ళు. తనకి మాత్రం ఆ ఇబ్బంది లేదు. మాట సిద్ధంగా ఉంది. పోయిన వారమే పాఠం అయ్యాక మెట్లమీద, పురోహితుడిని ఏమంటారండి అని మేష్టార్ని అడిగి పెట్టుకుంది. ప్రీస్టర్. మైన్ ఫాటర్ ఇస్ట్ ప్రీస్టర్. నాలుగు మాటలు. అద్దం ముందు, పెరట్లో బట్టలు ఆరేస్తూ, కోటిలింగాల రేవు దాకా నడుస్తూ, అప్పజెప్పుకుంది. అబద్ధం కూడా కాదు పూర్తిగా. వేదం చదువుకున్నాడు నాన్న. అమలాపురం దగ్గర పల్లెలో తొమ్మిదో ఏట మొదలుపెట్టి పదేళ్ళు చదివాడట. ఆ స్వరం వింటే చెరువులో కప్పలు కూడా నోరు మూసుకునేవని బామ్మ చెప్పేది, బామ్మ మాటల్లో సగం తీసేసినా ఎంతో కొంత మిగులుతుంది. పాతికేళ్ళు వచ్చేసరికి గొంతుకి ఏదో జబ్బు చేసింది. కాకినాడలో ఆపరేషన్ చేశారు. మాట మిగిలింది, స్వరం పోయింది. గుడిలో అర్చకత్వానికి గానీ, పెళ్ళిళ్ళు చేయించడానికి గానీ స్వరం లేనివాణ్ణి ఎవరు పిలుస్తారు? వేదం వచ్చి ఉండాలి గానీ నోరు విప్పక్కర్లేని పని ఒక్కటే ఉంది. అది భోక్తగా కూర్చోవడం. చచ్చిపోయినవాళ్ళ తద్దినం నాడు, వాళ్ళ స్థానంలో పీటమీద కూర్చుని, వాళ్ళ కోసం వండింది తినడం. నాన్న ముప్ఫై ఏళ్ళుగా రాజమండ్రిలో అదే చేస్తున్నాడు. వీరభద్రంగారంటే బ్రాహ్మణ వీధుల్లో అందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ రోడ్డు మీద పలకరించరు, అంతే.

పలకరించరని కాదు, పలకరించడానికి జంకుతారు. శుభకార్యానికి వెళుతూ నాన్న ఎదురైతే పక్క సందులోకి తిరిగినవాళ్ళని తనే చూసింది. నాన్న కూడా చూసేవాడు, చూసి తనే ముందుగా పక్కకి తప్పుకునేవాడు, వాళ్ళకెందుకమ్మా ఆ శ్రమ అనేవాడు. ఆరో క్లాసులో ఉండగా సహస్ర అని ప్రాణ స్నేహితురాలు ఉండేది. ఇద్దరూ ఒకే జామకాయ చెరోవైపు నుంచీ కొరికేవాళ్ళు. సహస్ర వాళ్ళ బామ్మ పోయింది. పదకొండో రోజున పోయినవాళ్ళ పేరు మీద కూర్చోవడానికి మామూలు భోక్తలు కూడా ఒప్పుకోరు, ఆ అన్నం అరగదంటారు, ఆ మనిషిని చూడకూడదంటారు. ఎవరూ దొరక్క వాళ్ళు ఏడుస్తుంటే నాన్న వెళ్ళి కూర్చున్నాడు. అది వాళ్ళకి చేసిన ఉపకారమే. ఆ ఏడు అట్లతద్దికి సహస్ర వాళ్ళమ్మ వీధిలో ఆడపిల్లలందర్నీ పిలిచి తనని పిలవలేదు. శృతి తెల్లవారకముందే లేచి, తలంటుకుని, గోరింటాకు చేతులతో గుమ్మంలో కూర్చుంది. ఉయ్యాలల దగ్గర పిల్లల అరుపులు వినపడుతున్నాయి. అమ్మ పెనం పెట్టి అట్లు పోసింది, ఆ అట్లు ఇద్దరూ తిన్నారు. ఇప్పుడు తల్చుకుంటే సహస్ర మొహం గుర్తు రావటం లేదు, ఆ అరుపులు మాత్రం అలాగే ఉన్నాయి. మైక్రోబయాలజీ చదివినా, నెట్ సెంటర్లో గంటలు గంటలు కూర్చుని జర్మనీ యూనివర్సిటీల్లో ఫీజు లేదని కనిపెట్టినా, అక్కడికి వెళ్ళాలనుకోవడానికి అసలు కారణం అదేనేమో. పక్క సందులోకి ఎవరూ తిరగని ఊరు. అక్కడ నాన్న ప్రీస్టర్ అయితే ప్రీస్టరే, ఎవరు చూడొచ్చారు.

జ్ఞానప్రకాశం ఆస్పత్రిలో నర్సు, నరసాపురం నుంచి ప్రతి ఆదివారం వస్తాడు. వాళ్ళ నాన్న రేవులో పంటు నడుపుతాడు. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ గోదావరి దాటిస్తాడు. పడవ అన్న మాట వచ్చుగానీ పంటు అన్న మాట రాదు, దాని మీద కాసేపు చర్చ జరిగింది. గణేష్‌బాబు వెనక్కి వాలి, ఈ జర్మన్ కొని తెచ్చుకున్న తద్దినం అయిపోయిందండి బాబూ అన్నాడు. అందరూ నవ్వారు. శృతి కూడా నవ్వింది, నవ్వడం అలవాటే. గణేష్‌బాబు మంచివాడు, మనసులో ఏమీ ఉండదు. లోకమంతా ఆ మాట వాడుతుంది, గుమస్తా ఆలస్యం చేస్తే తద్దినం, చుట్టం కదలకపోతే తద్దినం. తద్దినమంటే నాన్న ముందురోజు రాత్రి నుంచీ పస్తుండటం. తద్దినమంటే ఆ రోజు రాత్రి కూడా ఏమీ తినకుండా చాప మీద ఎడమవైపు తిరిగి పడుకోవడం. ఎలా ఉన్నా బాగుందనకూడదు, బాగోలేదనకూడదు, మాట్లాడకుండా తినాలి. ఆ అలవాటు ఇంట్లో కూడా వదలలేదు. అమ్మ హైమవతి పనసపొట్టు కూర వండి ఎదురుగా కూర్చుని మొహంలోకి చూసేది, నాన్న తలొంచుకుని తినేసి లేచేవాడు. ఒక్కసారి బాగుందంటే మీ సొమ్మేం పోయిందండీ అని అమ్మ పోట్లాడేది. మహాలయ పక్షాలొస్తే రోజూ ఎవరింట్లోనో గారెలు, నువ్వుండలు, పరమాన్నం. తినీ తినీ నాన్నకి షుగరొచ్చింది. తీపి మానకపోతే కాలు తీసేయాల్సొస్తుందని డాక్టరుగారు గట్టిగానే చెప్పారు. ఇక ఈ పని మానేయండి అని శృతి కూడా చెప్పింది, ఒకసారి కాదు. అరిచింది కూడా.

పోయిన గురువారం మళ్ళీ వెళ్ళొచ్చాడు. సాయంత్రం చాప మీద పడుకున్నాడు, తను కాళ్ళకి నూనె రాస్తోంది, కోపంగానే రాస్తోంది. పరమాన్నం తిన్నారా అని అడిగింది. తిన్నానమ్మా అన్నాడు. డాక్టరుగారు ఏమన్నారు అంది.  నాన్నకి ఆ చెరిగిన గొంతుతో ఎక్కువ మాట్లాడితే దగ్గొస్తుంది, అందుకని మాటలు ఏరుకుని మాట్లాడతాడు. దానవాయిపేటలో ఇంజనీరుగారి రెండో ఆబ్దికమమ్మా, ఒక్కడే కొడుకు, నా కాళ్ళు కడుగుతూ పళ్ళెంలో నీళ్ళకన్నా కళ్ళనీళ్ళే ఎక్కువ పోశాడు, అన్నాడు. తరవాత అన్నాడు, "గారెలు మారు మారు తెచ్చి వేస్తున్నాడు తల్లీ. వాళ్ళ నాన్నకి ఇష్టం కాబోలు. కడుపులో చోటు లేదు. చెయ్యి అడ్డం పెట్టబోయాను. నేను వద్దంటే వాళ్ళ నాన్న వద్దన్నట్టే కదా. ఎలా అనను?" ఆ కుర్రాణ్ణి వాళ్ళమ్మ మణిశంకరం అని పిలిచిందని కూడా చెప్పాడు. శృతి చేతిలో నూనె గిన్నె అలాగే ఉండిపోయింది. మణిశంకర్. దానవాయిపేట నుంచే వచ్చి తన పక్కన కూర్చుని, తనకి క్యాసెట్లు తెచ్చిచ్చి, ఉచ్చారణ తప్పితే నవ్వకుండా సరిదిద్దే మణిశంకర్. ఆ వేళ నుంచీ కాళ్ళకి నూనె రాసినప్పుడల్లా ఈ పాదాలే కదా అతను కడిగింది అనిపిస్తోంది. అతనికి తెలియదు. తెలిస్తే ఏమవుతుంది? ఏమీ అనడు, మర్యాద తెలిసినవాడు. ఇంకా గౌరవంగా చూస్తాడు, గౌరవంగా చూసి కొంచెం జరిగి కూర్చుంటాడు. ఆ జరగడమే తను భరించలేదు. నిజం చెప్పాలంటే ఆ గదిలో తనకి భయమేసేది ఆ బెత్తెడు చోటు గురించే.

మణిశంకర్ లేచాడు. గడ్డం ఇంకా గీసుకోలేదు. "మైన్ ఫాటర్" అని ఆగాడు. జగన్నాథరావుగారికి సంగతి తెలుసు, నువ్వు మీ అమ్మగారి గురించి చెప్పు నాయనా, ఆవిడ స్కూల్లో చెబుతారు కదా, అన్నారు మెల్లగా. లేదండి, నాన్నగారి గురించే చెబుతాను అన్నాడతను. మైన్ ఫాటర్ ఇస్ట్ ఇంజెన్యోర్, అన్నాడు. మళ్ళీ, మైన్ ఫాటర్ ఇస్ట్ టోట్, అన్నాడు. మా నాన్నగారు ఇంజనీరు. మా నాన్నగారు చనిపోయారు. మొదటి వాక్యాన్ని గది తిరిగి చెప్పింది. రెండోదాన్ని ఎవరూ చెప్పలేదు, తమ తమ తండ్రుల మీద అంత మాట ఎవరంటారు. ఫ్యాను చప్పుడు, కింద సైకిలు చక్రం గిర్రున తిరుగుతున్న చప్పుడు. మణిశంకర్ కూర్చున్నాడు. అతని చేతులు బల్లమీద ఉన్నాయి, గోళ్ళ పక్కన పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ చేతులతోనే మారు మారు వడ్డించాడు. శృతికి ఇంతవరకూ తన భయం తప్ప ఇంకేమీ కనపడలేదు, ఇప్పుడు ఆ చేతులు కనపడ్డాయి. అతని నాన్న ఇష్టంగా తిన్నాడో లేదో అతనికెవరు చెబుతారు? పీట మీద కూర్చున్నాయన నోరు విప్పడు. ఆ సంగతి తెలిసినది ఊరు మొత్తం మీద తనొక్కతే.

తన పేరు వినపడింది. లేచింది. ప్రీస్టర్ అన్న మాట నాలుక చివర బుద్ధిగా కూర్చుని ఉంది, అనేస్తే అయిపోతుంది, గది అంతా అనేస్తుంది, ఇంటికి వెళ్ళిపోవచ్చు. చాప మీద ఎడమవైపు తిరిగి పడుకున్న మనిషి వీపు గుర్తొచ్చింది. ఎవరికీ శ్రమ ఇవ్వకుండా పక్కకి తప్పుకుని తప్పుకుని ఆ వీపు కాస్త వంగిపోయింది. ఇవాళ నేను కూడా తప్పుకోమంటే ఆయన ఇంక ఎక్కడికి తప్పుకుంటాడు అనుకుంది. 

"మైన్ ఫాటర్ హైస్ట్ వీరభద్రం."

పేరు కాదమ్మా, పని, అన్నారు మేష్టారు. కానీ గది అప్పటికే అలవాటు కొద్దీ అందుకుంది, మా నాన్నగారి పేరు వీరభద్రం అని అందరూ అనేశారు. హమ్మయ్య, పేర్లు కూడా మారిపోయాయి అన్నాడు గణేష్‌బాబు. ఒక్క గొంతు అందులో కలవలేదని శృతికి తెలిసింది. పక్కకి చూడలేదు. చిన్న చిన్న వాక్యాలు, మొదటి నెలలో నేర్చుకున్న మాటలే, ఒకదాని తరవాత ఒకటి చెప్పుకుంటూ పోయింది. ఆయన ఒక ఇంటికి వెళతారు. ఆ ఇంట్లో తండ్రి లేడు. మా నాన్న అక్కడ కూర్చుంటారు. కొడుకు అన్నం పెడతాడు. మా నాన్న తింటారు. ఎక్కడో ఒకచోట తప్పు పోయే ఉంటుంది, మేష్టారు దిద్దలేదు. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆఖరి వాక్యానికి మాట కోసం వెతుక్కుంది, భోజనం పాఠంలో వచ్చిన మాట దొరికింది. "డాన్ ఇస్ట్ డెర్ ఫాటర్ జాట్" అంది. అప్పుడు ఆ తండ్రి కడుపు నిండుతుంది. అని, నిలబడే ఉంది.

ఎవరూ తిరిగి చెప్పలేదు. జగన్నాథరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, దీనికి వాళ్ళ భాషలో ఉద్యోగం పేరేదీ లేదు తల్లీ, నువ్వు చెప్పిందే దాని పేరు, అన్నారు. ఆ తరవాత, అందరూ అనండి అనలేక, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. అప్పుడు మణిశంకర్ లేచాడు. తన వంతు అయిపోయినవాడు లేవడం ఆ గదిలో లేదు. బోర్డు వంక చూస్తూ, ఒక్కడే మొదలుపెట్టాడు. మైన్ ఫాటర్ హైస్ట్ వీరభద్రం. ఆయన ఒక ఇంటికి వెళతారు. శృతి ఎక్కడ ఆగిందో అక్కడే ఆగుతూ, ఏ మాట తప్పు పలికిందో దాన్ని అలాగే పలుకుతూ, ఎప్పుడూ సరిదిద్దేవాడు ఇవాళ ఒక్కటీ సరిదిద్దకుండా, చివరిదాకా వచ్చాడు. చివరి వాక్యం దగ్గర మాత్రం ఆమె వైపు తిరిగాడు, దాన్ని అప్పజెప్పకుండా అడిగాడు.

"ఇస్ట్ ఎయర్ జాట్?"

కడుపు నిండిందా అని. క్లాసులో తెలుగు మాట్లాడితే మేష్టారు ఒప్పుకోరు. శృతి తెలుగులోనే చెప్పింది.

"నిండిందండి. ఆ రాత్రి మంచినీళ్ళు కూడా అడగలేదు."

మణిశంకర్ తల ఊపి కూర్చున్నాడు. కూర్చుని, పక్కన శృతి కూర్చోవడానికి చోటు సరిపోయిందో లేదో చూసి, తన పుస్తకం ఆమె ముందుకి జరిపాడు.